చూపులు కలవని గది

బంగారు తల్లీ,

నువ్వు పంపిన వ్యాసం నాలుగు పేజీలూ నిన్న రాత్రి చదివాను. పొద్దున లేచి మళ్లీ చదివాను. ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు. కానీ నువ్వు ఎంచుకున్న, ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ డెగా వేసిన ఆ బెల్లెల్లి కుటుంబం బొమ్మతో నాకు పాతికేళ్ల పైబడిన పరిచయం. దాని గురించి హడావిడిగా మాట్లాడటానికి మనసొప్పలేదు. అందుకే కాగితం తీసుకున్నాను. తీరిక చూసుకుని చదువు.

ముందు నీకు నచ్చని మాట చెప్పేస్తాను. రెండో పేజీలో ఒక పట్టిక వేశావు. నలుపు అంటే విషాదం, తెలుపు అంటే అమాయకత్వం, కుక్క అంటే విశ్వాసం, కొవ్వొత్తి అంటే ఆయుష్షు, గడియారం అంటే గడిచిపోయే కాలం. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఈ పట్టిక రాయడానికి ఆ బొమ్మను చూడనక్కర్లేదు. కుక్కా కొవ్వొత్తీ ఉన్న ఏ బొమ్మ పక్కన పెట్టినా సరిపోతుంది. మరి డెగా ఏళ్ల తరబడి ఆ ఒక్క కాన్వాసు మీద పడిన పాట్లన్నీ ఎటు పోయినట్టు?

మూడో పేజీ అడుగున మాత్రం ఒక వాక్యం ఉంది. "మధ్యలో ఉన్న చిన్నమ్మాయి ఏ క్షణమైనా కుర్చీలోంచి లేచిపోయేలా ఉంది" అని రాశావు. చదవగానే మనసు నిండింది. అది నువ్వు కళ్లారా చూసి రాసిన వాక్యం. ఎక్కడినుంచో తెచ్చుకున్నది కాదు. ఆ వాక్యాన్ని పేజీ అడుగునుంచి తీసి మొదటి వరుసలో పెట్టు.

అసలు బొమ్మను నేనూ చూడలేదు. అది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. సుమారు రెండు మీటర్ల ఎత్తు, రెండున్నర మీటర్ల వెడల్పు. అంటే ఎదురుగా నిలబడితే ఆ తల్లి దాదాపు నిలువెత్తు మనిషిలా కనిపిస్తుంది. నా దగ్గరున్నది అరచేయంత అచ్చు. పెళ్లికి ముందు ఒక పాత పత్రికలోంచి కత్తిరించి, అట్ట మీద అంటించి, బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నాను. అప్పట్లో ఆ నల్లబట్టల ఆవిడను చూస్తే నాకు భయం వేసేది. ఎంత గర్వం, ఎంత బిగువు అనుకునేదాన్ని. నువ్వు పుట్టాక ఒకరోజు బల్ల సర్దుతుంటే మళ్లీ చేతికొచ్చింది. అప్పుడు మొదటిసారి ఆవిడ కుడిచెయ్యి కనిపించింది. అన్నేళ్లూ అది అక్కడే ఉంది, నేనే చూడలేదు. ఆ చెయ్యి పెద్దకూతురి భుజం మీద ఉంది. ఎడమచెయ్యి పక్కనున్న బల్ల అంచున ఆనించింది. బిడ్డను కాపాడుతోందా, లేక బిడ్డను ఆసరా చేసుకుని తానే నిలబడుతోందా? ఈ ప్రశ్న నాకు పాతికేళ్ల వయసులో తోచలేదు. ఒకే బొమ్మ, అదే అచ్చు. మారింది నేను. బొమ్మ చూడటం గురించి నువ్వు రాసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకో. చూసేవాళ్ల వయసు కూడా బొమ్మలోకి వచ్చి కూర్చుంటుంది.

నేను చేసే పని ఒకటి నీకూ నేర్పుతాను. పేరు చదవకు, చరిత్ర చదవకు. ముందు బొమ్మను బల్ల మీద పెట్టి బొటనవేలితో ఒక్కొక్కరినీ మూసి చూడు. కుడివైపు కుర్చీలో కూర్చున్న తండ్రిని మూసెయ్యి. తల్లీ ఇద్దరు కూతుళ్లూ మిగులుతారు. నిండుగా, ఏ లోటూ లేని కుటుంబచిత్రంలా కనిపిస్తుంది. ఆయన లేకపోయినా బొమ్మకు లోటు రాలేదు. ఇది ఎంత కఠినమైన మాటో ఆలోచించు. ఇప్పుడు ఆయనను వదిలి, మధ్యలోని చిన్నది జూలియాను మూసెయ్యి. బొమ్మ రెండు ముక్కలవుతుంది. అటు ఒక జంట, ఇటు ఒక ఒంటరి మనిషి. ఒకరి సంగతి ఒకరికి పట్టనట్టుంటుంది. ఏడేళ్ల పిల్ల ఒక్కతీ ఆ ఇంటిని కలిపి పట్టుకుని ఉంది. ఆ పని తనకు అప్పగించారని దానికి తెలుసా? తెలిసినట్టే అనిపిస్తుంది నాకు. కూర్చున్న తీరు చూడు. రెండు చేతులూ నడుముకు ఆనించి, ఒక కాలు మడిచి కింద పెట్టుకుని, కుర్చీ అంచున. కిందికి వేలాడుతున్న కాలు ఒకటే కనిపిస్తుంది.

వీలైతే నువ్వూ ఒక నిమిషం అలా కూర్చుని చూడు. నేను చూశాను. మడిచిన కాలు తిమ్మిరెక్కుతుంది, నడుము నిలవదు, లేవాలనిపిస్తుంది. నువ్వు రాసిన ఆ మంచి వాక్యం నీ కంటికి తట్టింది, నాకు కాలి ద్వారా తెలిసింది. మనుషులున్న బొమ్మను అర్థం చేసుకోవడానికి మన ఒళ్లు కూడా పనికొస్తుంది. పెద్దకూతురు జొవాన్నా చేతులు ముందు కట్టుకుని నిలబడిన తీరు కూడా ఒకసారి నిలబడి చూడు. చెప్పిన మాట వినే పిల్ల ఎలా ఉంటుందో అర్థమవుతుంది. ఆ నలుగురిలో మనవైపు చూస్తున్నది ఆ పిల్ల ఒక్కతే.

ఇక తండ్రి. మనకు వీపు తిప్పి కూర్చున్నాడు. తల మాత్రం ఇటు తిప్పితే ముఖం పక్కనుంచి కనిపిస్తోంది. కుటుంబమంతా పొందికగా బొమ్మకు సిద్ధమైతే ఆయన మటుకు ఏదో పనిలోంచి తలెత్తినట్టున్నాడు. ఆయనకూ మిగతావాళ్లకూ మధ్య గీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. బల్ల కాలు, దాని పైన కొవ్వొత్తి, ఆ వెనక అద్దం అంచు, ఇవన్నీ నిలువు గీతలే. నువ్వు కొవ్వొత్తిని ఆయుష్షు అన్నావు. నా కంటికి అది గోడలో ఒక ఇటుక. గదిలో గోడ లేదు, కానీ డెగా సామాన్లతో ఒక గోడ కట్టాడు. ప్రతీక అంటే నిఘంటువులో వెతికే అర్థం అనుకుంటాం. ఒక వస్తువు ఆ బొమ్మలో ఏ పని చేస్తోందో చూడటం ముందు జరగాలి.

మనుషుల మధ్య చూపులు ఎక్కడా కలవవు. తల్లి చూపు భర్త తలమీదుగా ఎక్కడికో పోతుంది. ఒకరిని ఒకరు తాకడం కూడా ఒక్కచోటే ఉంది, జొవాన్నా భుజం మీద. అంత పెద్ద కాన్వాసులో ఒకే ఒక స్పర్శ. గోడకు లేత నీలం కాగితం, దాని మీద చిన్న చిన్న తెల్లపూలు. గది చల్లగా, శుభ్రంగా, ఊపిరి బిగబట్టినట్టుంది. నువ్వు "విషాదం" అని రాసిన చోట నేనైతే "బిగువు" అని రాస్తాను. ఏడ్చే ఇంట్లో మనుషులు ఒకరి దగ్గరికి ఒకరు జరుగుతారు. ఇక్కడ ఎవరూ జరగడం లేదు.

ఇంతా చూశాక అప్పుడు చరిత్ర తెరువు. కళ్లతో పట్టుకున్నది ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది.

ఆ ఆవిడ పేరు లారా. డెగాకు మేనత్త. భర్త జెన్నారో బెల్లెల్లి రాజకీయాల వల్ల నేపుల్స్ విడిచి వెళ్లాల్సి వచ్చినవాడు. ఫ్లారెన్స్‌లో ప్రవాసంలో ఉండగా 1858లో మేనల్లుడు వాళ్లింటికి వచ్చాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. ఆ ఆగస్టులోనే లారా తండ్రి, అంటే డెగా తాతగారు, చనిపోయారు. ఆవిడ ఒంటిమీది నలుపు ఆ మరణం తాలూకు దుస్తులు. కనుక నలుపును ముందు బట్టగా చూడు, ఆ తరువాత ప్రతీకగా చూడు. గోడ మీద, సరిగ్గా ఆవిడ తల పక్కన, ఎర్రసుద్దతో గీసినట్టున్న ఒక ముసలాయన బొమ్మ వేలాడుతోంది కదా, నువ్వు దాన్ని "అలంకరణ" అని వదిలేశావు. ఆ ముసలాయన ఆ తండ్రే. ఇప్పుడు దూరాలు కొలిచి చూడు. చనిపోయిన తండ్రి ఆవిడకు ఎంత దగ్గరలో ఉన్నాడు, బతికున్న భర్త ఎంత దూరంలో ఉన్నాడు! డెగా నోరు విప్పకుండా చెప్పిన మాట ఇది. నువ్వు రెండో పేజీ మొత్తం కొట్టేసి ఈ ఒక్క సంగతి రాసినా నాకు చాలు.

ఆవిడ అప్పుడు గర్భవతి కూడా. ఆ కాపురంలో ఆవిడ సుఖపడలేదని మేనల్లుడికి రాసిన ఉత్తరాల వల్ల తెలుస్తుంది. అయితే ఒక జాగ్రత్త. ఉత్తరాలు చదివేశాక మనకు ఆ బొమ్మలో ప్రతిదీ ఆవిడ బాధగానే కనిపించడం మొదలవుతుంది. జెన్నారోను ఒక్కసారి ఆయన వైపు నుంచి కూడా చూడు. సొంత ఊరు దూరమైన మనిషి, భార్య మేనల్లుడి ముందు కూర్చున్న మనిషి. అతడే తన బొమ్మ వేస్తున్నాడు. ఆయన వీపు తిప్పుకోవడం తప్పించుకోవడమో, సిగ్గో, చిత్రకారుడి పక్షపాతమో మనం తేల్చలేం. డెగా మేనత్త పక్షం. బొమ్మ వేసినవాడు కూడా ఆ కుటుంబంలో ఒకడేనని మరిచిపోకు.

ఇంకొకటి కూడా ఉంది. అతడు ఒక్కొక్కరికీ విడివిడిగా స్కెచ్‌లు వేసుకున్నాడు. తరువాత వాటన్నిటినీ కలిపి ఆ పెద్ద కాన్వాసు కూర్చాడు. సుమారు 1858 నుంచి 1867 మధ్య సాగిన పని. మనుషులు విడివిడిగా కనిపించడానికి వాళ్ల మనసులు ఎంత కారణమో, ఆ పని జరిగిన తీరు కూడా అంత కారణం కావచ్చు. ఇలాంటిది రాయడం వల్ల నీ వ్యాసం బలహీనపడదు. చదివేవాళ్లకు నీ మీద నమ్మకం పెరుగుతుంది. 1917లో డెగా చనిపోయేనాటికి ఆ కాన్వాసు అతని స్టూడియోలోనే ఉంది. అన్నేళ్లు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఎందుకో ఊహించుకో, రాయకు.

కుక్క సంగతి మరిచిపోలేదు. కుడివైపు అడుగున ఉంది, దానికి తల లేదు. చట్రం అంచు తలను కోసేసింది. అది బొమ్మలోంచి బయటికి నడిచిపోతోంది. ఇంట్లోంచి వెళ్లిపోతున్న కుక్క విశ్వాసానికి ప్రతీక ఎలా అవుతుంది తల్లీ? ఆ గదిలో హాయిగా కదలగలిగిన ప్రాణి అదొక్కటే. దానికి గది నచ్చలేదు, వెళ్లిపోతోంది.

కుక్క అంటే విశ్వాసం అన్న మాట నీకు ఎక్కడ దొరికిందో నాకు తెలుసు. యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల బొమ్మ గురించి చదివినవాళ్లందరికీ అది అలవాటవుతుంది. అందులో దంపతుల కాళ్ల దగ్గర ఒక చిన్న కుక్క ఉంటుంది, పైన దీపాల గుత్తిలో ఒకే ఒక కొవ్వొత్తి వెలుగుతుంటుంది, వెనక గుండ్రటి అద్దం ఉంటుంది. 1934లో ఎర్విన్ పనోఫ్‌స్కీ అనే పండితుడు ఆ బొమ్మ ఒక పెళ్లికి సాక్ష్యపత్రం లాంటిదని, అందులోని మామూలు వస్తువుల్లో అర్థాలు దాగి ఉన్నాయని వాదించాడు. గొప్ప వాదన. తరువాతి పరిశోధకులు చాలామంది ఒప్పుకోలేదు. చూసిన ప్రతివాళ్లూ ఆ భార్య గర్భవతి అనుకుంటారు. నిజానికి అప్పటి వాడుక ప్రకారం నిండు కుచ్చిళ్ల గౌనును చేత్తో ఎత్తి పట్టుకుందంతే. లారా నిజంగా గర్భవతి, బొమ్మ చూస్తే తెలియదు. ఈవిడ కాదు, చూస్తే అలా అనిపిస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, తొందరపడి తీర్పులు చెప్పడానికి చెయ్యి రాదు.

ప్రతీకలే వద్దంటున్నానని అనుకోకు. చిత్రకారుడు కావాలని పెట్టినప్పుడు వాటిని చూడకపోవడం కూడా అన్యాయమే. లండన్ నేషనల్ గ్యాలరీలో విలియం హోగార్త్ 1742లో వేసిన గ్రాహం పిల్లల బొమ్మ ఉంది. దాని మంచి అచ్చు దొరికితే చూడు. నలుగురు పిల్లలు, ఖరీదైన బట్టలు, నవ్వులు. మగపిల్లాడు చేత్తో తిప్పితే పాట పలికే పెట్టె ఒకటి తిప్పుతున్నాడు. పైన పంజరంలో పిట్ట రెక్కలు టపటపలాడిస్తోంది. తన పాటకే అది గంతులేస్తోందని పిల్లాడి సంబరం. వాడి వెనక, కుర్చీ వీపు మీదికి ఎక్కి, ఒక పిల్లి పంజరంలోకి గుడ్లప్పగించి చూస్తోంది. పిట్ట ఆడుతున్నది భయంతో. పిల్లాడికి తెలియదు, మనకు తెలుసు. బొమ్మ అటు చివర ఒక గడియారం, దాని మీద కోతకొడవలి పట్టుకున్న చిన్న బొమ్మ. గడియారం కింద అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్న పసివాడు టామస్, బొమ్మ పూర్తయ్యేలోపే చనిపోయాడు.

నేను ఇది చదివిన రోజు చాలాసేపు ఇంకే పనీ చేయలేకపోయాను. ఆ తల్లిదండ్రులు ఆ బొమ్మను గోడకు తగిలించుకున్నప్పుడు ఎటువైపు చూసి ఉంటారు? పిల్లి వైపా, పసివాడి నవ్వు వైపా? ఇక్కడ గడియారానికి కాలం అని అర్థం చెప్పుకోవచ్చు, నేను ఒప్పుకుంటాను. కొడవలి ఉంది, దాని కిందే పసివాడు ఉన్నాడు, బొమ్మే ఆ మాట అంటోంది. బెల్లెల్లి గదిలోని గడియారం దగ్గర అలాంటి ఆధారం ఏదైనా కనిపిస్తే చూపించు. కనిపించకపోతే అది గడియారమే.

నీ వ్యాసం చివర వాన్ గో వేసిన బంగాళాదుంపలు తినేవాళ్ల బొమ్మను పోలికగా తెచ్చావు. 1885 నాటి బొమ్మ. దాన్ని "చీకటి, దారిద్ర్యం, నిరాశ" అని మూడు మాటల్లో తేల్చేశావు. దీని మీద మాత్రం నీతో గట్టిగా పోట్లాడాలని ఉంది. రంగు చీకటిగా ఉంటే మనసు చీకటిగా ఉన్నట్టు కాదు. దుమ్ముతో, తొక్కతో ఉన్న బంగాళాదుంప రంగులో ఆ మనుషుల్ని వేయాలని వాన్ గో కావాలనే ఆ రంగు ఎంచుకున్నాడు. పళ్లెంలోకి వెళ్తున్న ఆ చేతులే మట్టిని తవ్విన చేతులని, ఆ తిండి వాళ్లు న్యాయంగా సంపాదించుకున్నదని చెప్పాలన్నది తన ఉద్దేశమని తమ్ముడు థియోకు రాశాడు. ఐదుగురు ఒక్క దీపం కింద చేరారు. ఇక్కడా చూపులు పెద్దగా కలవవు. కానీ ఫోర్కులు ఒకే పళ్లెంలోకి వెళ్తాయి. ముసలావిడ కప్పుల్లో కాఫీ పోస్తోంది. బెల్లెల్లి గదికి పగటి వెలుతురుంది, నీలం గోడలున్నాయి, శుభ్రమైన తెల్లటి బట్టలున్నాయి. కానీ ఆ గదిలో అందరూ కలిసి చేస్తున్న పని ఒక్కటీ లేదు. ఈ రెండు ఇళ్లలో ఏ ఇంట్లో వెచ్చగా ఉంటుందో నువ్వే చెప్పు.

ఇంత చెప్పే నేను కూడా ఒక బొమ్మను ఘోరంగా తప్పుగా చదివాను. నీకు గుర్తుండదు. నీకు ఆరేళ్లు. మీ నాన్న ఉద్యోగం వేరే ఊళ్లో, పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చేవారు. ఒక మధ్యాహ్నం నువ్వు మన ఇంటి బొమ్మ వేశావు. మధ్యలో నేను, కాగితం నిండా. నా చెయ్యి పట్టుకుని నువ్వు. పైన కుడి మూలలో, బొటనవేలంత, మీ నాన్న. నా గుండె జారిపోయింది. పిల్లకు తండ్రి దూరమైపోతున్నాడు, మనసులో ఆయన చోటు ఇంతే మిగిలింది అనుకున్నాను. ఆ కాగితం రెండు రోజులు దాచిపెట్టుకుని కుమిలిపోయాను. ఆయనకు ఫోనులో చెప్పాలా వద్దా అని మథనపడ్డాను. మూడో రోజు ఉండబట్టలేక నిన్నే అడిగాను. నువ్వు రంగుపెన్సిల్ చెక్కుకుంటూ, నా వైపు చూడకుండానే చెప్పావు. "నాన్న ఇంకా దూరంలో ఉన్నారమ్మా. వస్తున్నారు. దగ్గరికొచ్చాక పెద్దగా వేస్తాను."

అప్పుడు కాగితం తీసి మళ్లీ చూశాను. ఆ బొటనవేలంత మనిషి పాదాలు రెండూ మనవైపే తిరిగి ఉన్నాయి. అక్కడినుంచి మన కాళ్ల దాకా నువ్వు గోధుమరంగుతో ఒక దారి కూడా గీశావు. నేను దాన్ని పెన్సిల్ జారిన గీత అనుకున్నాను. ఆధారమంతా కాగితం మీదే ఉంది. నా భయం దాన్ని చూడనివ్వలేదు.

చాలా రోజుల తరువాత రాజా రవివర్మ 1893లో వేసిన ఒక బొమ్మ చూసినప్పుడు నాకు నీ కాగితమే గుర్తొచ్చింది. తన కూతురినీ, ఆమె చంకలో బిడ్డనూ చూసి వేసిన బొమ్మ. అదిగో నాన్న వస్తున్నారు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. తల్లి పక్కకు చూస్తుంటుంది, కాళ్ల దగ్గర కుక్క ఉంటుంది. బొమ్మలో నాన్న ఎక్కడా ఉండడు. అయినా ఆ బొమ్మంతా ఆయనే. లేని మనిషితో బొమ్మ నింపవచ్చని ఆయన చూపించాడు. జెన్నారో గదిలో ఉండి లేనట్టున్నాడు, ఈ తండ్రి చట్రంలో లేకపోయినా ఉన్నాడు. నీకు మరో పోలిక కావాలనుకుంటే దీన్ని తెచ్చుకో. వాన్ గో బొమ్మకంటే ఇదే నీ వ్యాసానికి బాగా అతుకుతుందని నా అభిప్రాయం. తేల్చుకోవాల్సింది నువ్వే.

నీ ఆ ఆరేళ్ల బొమ్మ నా దగ్గర భద్రంగా ఉంది. వెనక తేదీ వేసి పెట్టాను. వచ్చే నెల మీ నాన్న నీ దగ్గరికి వచ్చేటప్పుడు దానితో పాటు నా అరచేయంత అచ్చును కూడా పంపుతాను. అంచులు నలిగాయి, ఒక మూల పసుపుబారింది. అయినా ఫోను తెర మీద కంటే అందులో జూలియా బాగా తెలుస్తుంది.

దాని గురించే ఒక సందేహం తీర్చాలి నువ్వు. ఆ పిల్ల తల కుడివైపుకు తిరిగి ఉంది కదా. అది తండ్రిని చూస్తోందా, తండ్రిని దాటి ఆ వెళ్లిపోతున్న కుక్కవైపు చూస్తోందా, ఇంకెటో చూస్తోందా? తండ్రినే చూస్తోందని మీ నాన్న అంటారు. నేను ఒక్కోరోజు ఒక్కోలా అనుకుంటాను. బొటనవేళ్లతో మిగతా ముగ్గురినీ మూసి, ఆ కళ్లను మాత్రమే కాసేపు చూసి రాయి.

ప్రేమతో,
అమ్మ